చలి సముద్రంలో బావి దూకుడు

అక్కకు, చెల్లెలు రాజి దూరం నుంచే మొక్కి రాస్తున్నది.

నువ్వు, బావ, పిల్లలు, అమ్మ అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? కొత్త ఆవు పాలిస్తున్నదా, ఇంకా తన్నుతూనే ఉన్నదా? ఇక్కడ నేను బాగున్నాను. ఈ మాట ఏడాదిగా ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నాను, నువ్వు నమ్మవని తెలిసీ రాస్తున్నాను. ఈసారి నమ్ము. బాగున్నాను కాబట్టే బాగున్నానని రాస్తున్నాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. ఫోనులో అయితే స్పీకరు పెట్టి ఇల్లంతా వింటారు, మధ్యలో అమ్మ ఏడుస్తుంది, నేను చెప్పదలచుకున్నది సగంలోనే ఆగిపోతుంది. అవ్వ మనిద్దరి చేత ఇసుకలో దిద్దించిన తెలుగు అక్షరాలు ఆ ఇంట్లో నీకు తప్ప ఇంకెవరికీ రావు. మాటకు తెలుగే గానీ చదువు అందరిదీ అరవమే కదా. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఎక్కడ దాటేయాలో నీకే తెలుసు.

ముందు పాత సంగతి. పోయిన చలికాలంలో ఈ పరాయి దేశంలో నేను పనిచేసే వృద్ధుల హోమ్‌లో ఒక ముసలామెను మంచం మీద నుంచి లేపబోయి నా నడుము పట్టేసింది. ఆ తర్వాత సెలవు పెట్టి ఉడుమలైపేటలో బస్సు దిగినప్పుడు నువ్వే చూశావు, సంచి కూడా నువ్వే మోశావు. ఇంటి గడపలో అమ్మ కాళ్ళకు మొక్కడానికి వంగబోయి సగంలో నిలిచిపోయాను. అమ్మ నా భుజాలు పట్టుకుని, "వొద్దు సామీ, వంగబాక. నిలబడుకోనే ఉండు, నిలబెట్టే దీవిస్తా," అన్నది. ఆ మాటకు నేను నవ్వాను, లోపల మాత్రం ప్రాణం చచ్చిపోయింది. కన్నతల్లి కాళ్ళకు వంగలేని నడుముతో పరాయి తల్లులను ఎలా లేపుతానని ఆ రాత్రంతా అదే ఆలోచన.

తిరిగి వచ్చాక హోమ్‌లో నన్ను బట్టలు మడతపెట్టే పనిలో పెట్టారు. ఈ చలికాలం ముగిసేలోగా నడుము కుదిరితే మళ్ళీ వార్డులోకి, లేకపోతే ఇక ఈ పని కుదరదని హోమ్ నడిపే పెద్దావిడ మెత్తగానే చెప్పింది. నువ్వేమో ఫోనులో, "చాలు కణ్ణూ, ఆడ ఒంటిగా యాతన పడింది. మన కొబ్బరిపీచు మిల్లులో బిల్లులేసే కుర్చీ కాళీగా ఉండాది. కెళంబి వచ్చెయ్, రాణి మాదిరి కూసో," అన్నావు. శివరాత్రి దాకా చూస్తాను, తగ్గకపోతే వచ్చేస్తానని నీకు మాటిచ్చాను. నీ కుర్చీ మీద నాకు కోపం లేదక్కా. కానీ పెళ్ళి వద్దని, నా కాళ్ళ మీద నేను నిలబడతానని అందరితో పోట్లాడి వచ్చినదాన్ని. వంగని నడుముతో తిరిగొచ్చి కూర్చుంటే ఎవరూ ఏమీ అనకపోయినా నేనే నన్ను అనుకుంటాను.

ఇక్కడ నాకు వ్యాయామం నేర్పే ఫిజియో డాక్టరమ్మ ఉందని చెప్పాను కదా. ఎముకలో ఏమీ లేదు, పట్టిన నొప్పి ఎప్పుడో పోయింది, మళ్ళీ పడుతుందేమోనన్న భయంతో నువ్వే కదలకుండా ఉండి కండలను పాడుచేసుకున్నావు అన్నది. మొదట నాకు కోపం వచ్చింది. నొప్పి నాది, చెప్పేది ఆమె. అయినా చెప్పినట్టే చేశాను. నేల మీద పడుకుని చేసే వ్యాయామాలు, తర్వాత నడక, తర్వాత ఊళ్ళోని ఈతకొలను. నేను తల పైకెత్తి బావిలో ఈదినట్టు ఈదుతుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు వింతగా చూసేవారు. చూడనీ, మునగలేదు కదా.

నాతో పనిచేసే నోరా అక్కడే నన్ను చూసింది. నాకంటే పదేళ్ళు పెద్దది, నోటికి తాళం లేదు. ప్రతి చలికాలం స్నేహితురాళ్ళతో పడమటి తీరానికి పోయి వారం పాటు సర్ఫింగ్ చేస్తుందట. అంటే పొడుగాటి పలక మీద బోర్లా పడుకుని, అల వెనక నుంచి తోసే సమయానికి లేచి నిలబడి ఒడ్డుదాకా రావడం. ఈ చీకటి నెలల్లో అదే తనను మనిషిగా నిలబెడుతుందని, నన్నూ రమ్మని పట్టుబట్టింది. చలికాలంలో ఎవరూ రారు కాబట్టి గదులు చవక, తీరం ఖాళీ. నీకు తెలుసు కదా, ఇక్కడ ఈ నెలల్లో సూర్యుడు చుట్టపుచూపుగా వచ్చి పోతాడు. పోయిన ఏడాది ఆ చీకట్లో నిద్ర లేచినా లేవనట్టే ఉండేదాన్ని. సరేనన్నాను. ఫిజియోను అడిగితే, పడుకుని మొదలుపెట్టు, కాల్లో తిమ్మిరి వస్తే వెంటనే ఆపు అన్నది.

అమ్మకు ఫోన్ చేసి చెప్తే ఏమన్నదో గుర్తుందా? "సముద్రమా? నడుం సరిలేనిది నీళ్ళల్లో ఏం చేస్తుందే? మనకు బాయి చాలదా?" అని కాసేపు తిట్టి, చివరికి, "సరి, ఎట్లాగూ పోతుండావు. రామేశ్వరం అనుకోని మూడు మునకలెయ్యి, పీడ పోతుంది," అన్నది. వేశానని చెప్పు. మూడూ వేశాను. మొదటి మునకకే పళ్ళు టకటకమన్నాయి.

నువ్వు భయపడతావని చెప్తున్నాను, ఉత్త బట్టలతో దిగలేదు. కాళ్ళకూ చేతులకూ తలకూ అన్నిటికీ మందపాటి రబ్బరు దుస్తులు ఇస్తారు. అవి తొడుక్కోవడమే పెద్ద కసరత్తు. నోరా నన్ను అందులోకి దూర్చుతుంటే తలగడకు చిన్న గలీబు తొడిగినట్టు ఉంది. గాలి మాత్రం ఆషాఢంలో వీచే మన ఆడి గాలే. మన కొబ్బరిచెట్లను ఒంచి పారేసే ఆ గాలిలో పెరిగినదాన్ని కాబట్టి గాలికి నేను జడవలేదు, చలికే జడిశాను. కానీ నీళ్ళలో చేతులు ఆడిస్తుంటే కాసేపటికి లోపల వెచ్చబడుతుంది, ఒట్టు.

మొదటి రోజు పడుకునే ఒడ్డుకు కొట్టుకొచ్చాను. రెండో రోజు లేచి నిలబడాలి. నేర్పేది ఐలీన్ అనే ఆవిడ, నడివయసు మనిషి, గొంతు సంతలో బేరమాడే దానిలా ఉంటుంది. దిగేముందు ఒడ్డు మీద నిలబెట్టి ఒకటికి పదిసార్లు చెప్పింది. పడేటప్పుడు వెల్లకిలా, వెడల్పుగా, మంచం మీద వాలినట్టు పడండి, నీళ్ళు మోకాలి లోతే, కాళ్ళ మీద మాత్రం దూకవద్దు అని. నేను బుద్ధిగా తలూపాను.

అల వచ్చింది. పలక కదిలింది. లేచాను అక్కా, నిజంగా నిలబడ్డాను. అంతలో పలక పక్కకు ఒరిగింది. అప్పుడు నాకు ఐలీన్ చెప్పింది ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. వినబడింది నీ గొంతే. మన తోట బావి మెట్ల మీద నా వీపుకు ఎండు సొరకాయ బుర్ర కట్టి, నువ్వు ముందు దూకి, నీళ్ళలోంచి అరిచేదానివే, "కాళ్ళు చేర్చే! ముక్కు పట్టు! నిటారుగా దుముకు, లేకుంటే కడుపు చీరుకోని పోతుంది!" అని. ఇన్నేళ్ళ తర్వాత, ఆ చలి సముద్రంలో, నేను కాళ్ళు చేర్చి, ముక్కు పట్టుకుని, నిటారుగా దూకాను. మన బావిలో అయితే నాలుగు నిలువుల నీళ్ళు. ఇక్కడ మోకాలి లోతు.

మడమలు గట్టి ఇసుకకు తగిలిన దెబ్బ నడుము గుండా పాకి తలదాకా వచ్చింది. అక్కడే చతికిలబడ్డాను. అయిపోయింది అనుకున్నాను. ఏడాది నుంచి గాజుకుండలా కాపాడుకున్న నడుమును నేనే తీసుకొచ్చి నేలకేసి కొట్టాను, ఇక వార్డూ లేదు, ఊరికి పోయి కుర్చీలో కూర్చోవడమే అనుకున్నాను. ఐలీన్ పరుగెత్తుకొచ్చి, కదలకు, నొప్పి ఎక్కడో చెప్పు అన్నది. నేను నొప్పి కోసం చూస్తూ కూర్చున్నాను. అలలు వచ్చి ఒళ్ళో పడి పోతున్నాయి. కాలివేళ్ళు ఆడించమంటే ఆడించాను. మోకాళ్ళు మడవమంటే మడిచాను. మడమలు మండుతున్నాయి, అంతే. నడుము దగ్గర ఏమీ లేదు. ఇంకాసేపు చూశాను. ఏమీ లేదు.

అప్పుడు ఏడుపొచ్చింది. నోరా బెదిరిపోయి ఎక్కడ నొప్పి అని అడిగితే, ఎక్కడా లేదు, అందుకే ఏడుస్తున్నాను అన్నాను. దానికి అర్థమైందో లేదో గానీ నా పక్కనే నీళ్ళలో కూర్చుని తనూ ఏడ్చింది. ఐలీన్ మాత్రం ఇద్దరినీ లేపి నిలబెట్టి, నన్ను తిట్టవలసిన నాలుగూ తిట్టింది. అలా దూకి కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళు ఉన్నారట. నిజమే, అదృష్టం బాగుంది. ఆ పూట నన్ను మళ్ళీ దిగనివ్వలేదు.

మిగిలిన రోజులు మంచం మీద వాలినట్టే పడ్డాను. రోజూ చేతులతో అలలకు ఎదురు తోసుకుంటూ పోవడానికి భుజాలు, వీపు గట్టిపడ్డాయి. ఊపిరి సాగింది. హోమ్‌లో మెట్లెక్కితే ఇదివరకు మధ్యలో ఆగేదాన్ని, ఇప్పుడు ఆగడం లేదు. పగలంతా ఆరుబయట వెలుగులో ఉండేసరికి రాత్రి మంచమెక్కితే తెల్లవారే దాకా నిద్ర. ఆకలి మన కోతకూలీల ఆకలే. ఇక్కడివాళ్ళు పెట్టే పులుపూ కారమూ లేని సూపుతో నాకు సరిపోక, నువ్వు పంపిన ఉలవల పొడితో ఒక సాయంత్రం చారు కాచాను. అందరూ గిన్నెలు నాకారు. ఇవి మా ఊళ్ళో ఎద్దులకు పెడతామని నేను చెప్పలేదు. ఆ పొడి అయిపోయింది, ఇంకొంచెం వేయించి పంపు, దానితో గానుగ నూనె ఒక సీసా కూడా. ఉప్పునీళ్ళకు జుట్టు పీచయింది, మీ మిల్లులో పనికొస్తుంది.

సముద్రం నడుము బాగుచేసిందని మాత్రం ఊళ్ళో చెప్పవద్దు, రేపే ఎవరైనా నడుము పట్టినవాళ్ళు రామేశ్వరం బస్సెక్కుతారు. ఫిజియో అన్నది, బాగుచేసింది నెలల తరబడి చేసిన వ్యాయామం, సముద్రం నీకు చూపించింది అంతే అని. ఆమె నన్ను వంచి, లేపి, తిప్పి చూసి సంతకం పెట్టింది. పోయిన సోమవారం నుంచి మళ్ళీ వార్డులోకి వెళ్తున్నాను. మొదటి రోజే ఒక ముసలాయనను మోకాళ్ళు మడిచి, పద్ధతిగా లేపి కూర్చోబెట్టాను. ఆయన, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావమ్మా అని అడిగాడు.

కాబట్టి అక్కా, ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. కోపం తెచ్చుకోకు. నీ మీద ప్రేమ లేక కాదు, నీ చెల్లెలు బాగుంది కాబట్టి.

ఇంకొక్క మాట. నీకు షుగరు అంచున ఉంది, నడవమని డాక్టరు చెప్పాడని, నడిచే తీరిక ఎక్కడిదని ఫోనులో నవ్వావు. నాకు నవ్వు రాలేదు. పెద్దమనిషివయ్యాక నిన్ను బావిలోకి దిగనివ్వలేదు. తర్వాత పెళ్ళి, మిల్లు, పిల్లలు. నాకు ఈత నేర్పినదానివి, నువ్వే నీళ్ళకు దూరమయ్యావు. నేను చిత్తిరై నెల ఎండల్లో వస్తాను. బావ కోపంలో సగాన్ని ఇప్పుడే ఖర్చుపెట్టించి ఉంచు, ఎందుకంటే మనిద్దరం బావిలో దిగుతున్నాం. చిన్నప్పుడు నువ్వే ముందు దూకి నా కోసం చేతులు చాచేదానివి. ఈసారి నేను ముందు దూకుతాను. నువ్వు కాళ్ళు చేర్చి, ముక్కు పట్టుకుని, నిటారుగా దూకు. నేర్పినదాంట్లో తప్పేమీ లేదక్కా, అది బావికే సరిపోతుంది.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మకు ఈసారి నన్ను నిలబెట్టి దీవించే పని ఉండదని చెప్పు. గడపలోనే కాసేపు నిలబడమను.

వంగి మీ అందరి కాళ్ళూ అంటుకోగల మీ చెల్లెలు,
రాజి