కాలనౌకకి పాత టైర్లు

శనివారం, రాత్రి.

నా నవలలోని కాలనౌక ఇవాళ గతంలోకి క్షేమంగా దిగింది. నెల రోజులుగా దాని రక్షణ కవచాన్ని ఎంత గట్టిగా రాసినా దిగే కుదుపుకి పగిలిపోయేది, లోపలున్న నలుగురూ చనిపోయేవారు. పొద్దున్న ముక్తేశ్వరం రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపే మావయ్యగారితో ఆ బాధ చెప్పుకున్నాను.

"గట్టిదే కదమ్మా పగిలేది! మా పంటుకి పాత టైర్లు కడతాం. ఒడ్డు తగిలితే అవి నొక్కుకుంటాయి, పంటుకి దెబ్బుండదు," అన్నారు.

ఇంటికొచ్చి కవచాన్ని మెత్తగా మార్చి రాశాను. నొక్కుకుంది, పగల్లేదు. ఎంత తేలికపడ్డానో! చదివినవాళ్ళు నవ్వుతారేమో మరి. తిరుగు ప్రయాణానికి కూడా ఆగుతుందో లేదో...

సాయంత్రం మావయ్యగారే ఫోన్ చేశారు. "లోపలోళ్ళు బతికేరా?"

"ఆయ్, నలుగురూ బతికేరండీ."

"హమ్మయ్య! మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదమ్మా."