మొదటి వరసలో ఖాళీ చోటు

బర్మింగ్‌హామ్, సోమవారం

డాక్టర్ హోల్‌బ్రుక్ గారికి,

మా అమ్మ ఆర్లీథాని మీ దగ్గరికి మూడుసార్లు తీసుకొచ్చాను. మతిమరుపు పరీక్షకి పంపమన్న ప్రతిసారీ "మీ నల్లవాళ్ళలో బీపీ, షుగరూ మామూలే, పైగా వయసు" అని మాత్రలు మార్చి పంపేశారు. మా బడిలో పనిచేసే తెల్లావిడ తల్లికి మాత్రం మొదటిసారే స్కానింగ్ రాశారట. మీరు అడిగినప్పుడల్లా అమ్మ "నిక్షేపంగా ఉన్నానండీ" అంది. తెల్లవాళ్ళ ముందు ఇంటి గుట్టు విప్పకూడదని నేర్పింది ఆవిడే. అందుకే పొయ్యి మీద గిన్నెలు మాడుతున్న సంగతి నేనూ చెప్పలేదు. ఆ తప్పు నాదే.

శనివారం మా నాన్న అంత్యక్రియలు జరిగాయి. చర్చికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే పని నలభై ఏళ్ళుగా అమ్మది. ఆరోజు కూడా ఆ పనికి వేసుకునే తెల్ల గ్లౌజులు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడితే, అలవాటు కదా అని ఊరుకున్నాం. నేను లోపలికి రాగానే వచ్చినవాళ్ళందరికీ చేసినట్టే ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, విసనకర్ర అందిస్తూ మెల్లగా అడిగింది.

"పోయినాయన మీకేమవుతారమ్మా?"

"మా నాన్న" అన్నాను.

"అయ్యో తల్లీ!" అంటూ నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టి, పక్కన చోటు చూపించింది. "ఇది ఆయన భార్యకి. ఆవిడ వచ్చేదాకా ఎవర్నీ కూర్చోనివ్వకు."

ఆ చోటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

గురువారం మళ్ళీ వస్తున్నాం. అమ్మ నిక్షేపంగా ఉన్నానంటుంది. ఈసారి నన్నడగండి.

ఆర్లీథా కూతురు