గోల్‌కీపర్ కళ్లు, నా తుండు

జూలై 7

సీజన్‌కి ఇంకా ముప్ఫై మూడు రోజులు. ఈసారి కోస్తా రోవర్స్ మీద ఏ ఆశా పెట్టుకోకూడదని గట్టిగా నిర్ణయించుకున్నాను. పోయిన ఏడాది కూడా ఇదే రాసుకున్నాను. మొదటి మ్యాచ్ గెలవగానే కప్పు మనదేనని నా స్నేహితుడు బాబ్జీ ఆటోలో మిర్చి యార్డు దాకా అరుచుకుంటూ వెళ్లాను. చివరికి కింది నుంచి మూడో స్థానం.

గుంటూరుకి ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉందని గుంటూరులో చాలామందికి తెలియదు. మిర్చి యార్డులో నేను గుమాస్తాగా ఉన్న కమీషన్ కొట్టులో అయితే చెప్పినా నమ్మరు. అదే క్రికెట్ మాట ఎత్తితే హమాలీ దగ్గర్నుంచి ఓనర్ దాకా అందరూ సెలెక్టర్లే.

జూలై 8, మధ్యాహ్నం 3

స్క్వాడ్ లిస్ట్ వచ్చింది. సరుకు గ్రేడు కట్టినట్టు కట్టి చూశాను.

మణిపూర్ నుంచి వచ్చిన వింగర్: పరుగు డీలక్స్, షాట్ మీడియం. మిడ్‌ఫీల్డ్: బెస్ట్, మోకాళ్లు నిలబడితే. డిఫెన్స్ మాత్రం పైన నాలుగు ఎర్ర కాయలు పేర్చి అడుగున రంగు పోయిన తాలు కుక్కిన టిక్కీ. ఇలాంటి బస్తాల్ని ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, నన్ను మోసం చేయలేరు.

గోల్‌కీపర్ దగ్గర ఆదాం పేరుంది. పక్కనే బ్రాకెట్‌లో 'ట్రయల్' అని ఉంది.

ఆదాంకి ట్రయలా! కొత్తపట్నంలో వలలు లాగి పెరిగిన చేతులవి. మార్చిలో భుజం జారింది. ఆ తర్వాత ఏడు మ్యాచ్‌ల్లో పంతొమ్మిది గోల్స్ తిన్నాం. మే నెలతో కాంట్రాక్ట్ అయిపోయింది. కొత్త కోచ్ కేరళ ఆయన. పద్దెనిమిదిన ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఆదాంని చూస్తాడట. నచ్చకపోతే గోవా నుంచి ఇంకో కీపర్ని తెస్తాడట.

ఆదాం లేకపోతే ఈ సీజన్ గ్రౌండ్ గడప తొక్కను. రాశాను కానీ తొక్కుతాను. నా సంగతి నాకు తెలియదా.

జూలై 9

మంగళగిరి వెళ్లి నా పేరున్న పానకాలస్వామికే మొక్కుకున్నాను. ఆదాం సంతకం పెట్టేదాకా మిరపకాయ ముట్టను. పచ్చడి లేదు, కారప్పొడి లేదు.

ఇంటికొచ్చి చెబితే కోటేశ్వరి నా వంక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. మొక్కుకునేవాళ్లు జుట్టిస్తారు, కొబ్బరికాయ కొడతారు, కూర చప్పగా తింటానని మొక్కినవాళ్లని మిమ్మల్నే చూశానండీ అంది. మీ పానకాలస్వామికి పానకం పోస్తే సరిపోదా, మధ్యలో నేను రెండు కూరలు వండి చావాలా అని కూడా అంది. పెళ్లాం అన్నాక అంటుంది.

జూలై 13

ఐదో రోజు చప్పటి పప్పు. ఆదాం, త్వరగా కానీ నాయనా.

జూలై 18, సాయంత్రం 5

రాయడానికి చెయ్యి రావడం లేదు.

పొద్దున యార్డులో కోల్డ్ స్టోరేజీ సరుకు అమ్మకం. తేజ రకం, మంచి ఘాటు కాయ. నలభై టిక్కీలు విప్పి శాంపిల్ చూపించాను. పని కాగానే చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని బాబ్జీ ఆటో ఎక్కాను. ప్రాక్టీస్ మ్యాచ్‌కి ఫ్యాన్స్‌ని రానిచ్చారు. పదకొండు మందిమి వెళ్లాం. మేమే ఒక టీమ్‌కి సరిపోయాం.

మొదటి అరగంట ఆదాంని చూసి నా బెంగంతా పోయింది. ఒక ఫ్రీకిక్ పై మూలకి వస్తుంటే గాల్లోకి లేచి వేలి చివర్లతో బయటికి నెట్టాడు. అదే భుజంతో! కోచ్ నోట్‌బుక్ తీసి ఏదో రాసుకున్నాడు. నేను అరిచిన అరుపుకి బాబ్జీ చెవులు మూసుకున్నాడు.

వాటర్ బ్రేక్‌లో ఆదాం, మమ్మల్ని ఆపడానికి గ్రౌండ్ అంచున కట్టిన తాడు దగ్గరికి వచ్చాడు. నమస్తే బాబాయ్, మీ గొంతు ఏమీ తగ్గలేదే అన్నాడు. ఒళ్లంతా చెమట. నాకు ఆనందంతో ఏం చేయాలో తోచలేదు. భుజం మీదున్న ఎర్ర తుండు తీసి ఇచ్చాను. కళ్లు, ముఖం, మెడ అంతా గట్టిగా తుడుచుకుని తిరిగిచ్చి వెళ్లాడు.

ఆ తర్వాత పది నిమిషాల్లో మూడు గోల్స్. మొదటిది కాళ్ల మధ్య నుంచి పోయింది. రెండోదానికి కదల్లేదు. మూడోదానికి బంతి కుడివైపు వెళితే అతను ఎడమవైపు దూకాడు. ఫిజియో సీసాలకి సీసాలు నీళ్లు కళ్లలో పోశాడు. అప్పటికే అవి చింతనిప్పుల్లా ఉన్నాయి. కోచ్ బయటికి వచ్చేయమని చెయ్యి ఊపాడు.

కళ్లకలక అయ్యుంటుంది రా అన్నాడు బాబ్జీ. కాదు, దిష్టి అన్నాను నేను.

సాయంత్రం 7

దిష్టి కాదు.

తుండు ఉతకడానికి తీసిన కోటేశ్వరి వరసగా ఏడు తుమ్ములు తుమ్మింది. ఇది తుండా, కారం గుడ్డా, పొరపాటున దీనితో ముఖం తుడుచుకుంటే కళ్లు ఉంటాయా అంది.

పొద్దున్నుంచి కాయల దుమ్మంతా ఆ తుండుతోనే దులుపుకున్నాను. యార్డులో ఇన్నేళ్లున్నవాడి ముక్కుకి ఘాటు తెలియదు. చేతులు మూడుసార్లు కడిగినవాణ్ణి, తుండు సంగతి తట్టలేదు. అతని కోసం కారం తిననని మొక్కుకుని, ఆ కారం తీసుకెళ్లి అతని కళ్లలోనే కొట్టి వచ్చాను.

జూలై 19

ఆదాం నంబరు నా ఫోన్లో ఉంది. ధైర్యం లేదు.

జూలై 20

బాబ్జీకి చెప్పాను. ఒరేయ్, నోరు మూసుకుని కూర్చో, ఈ సంగతి బయటపడితే నిన్ను గేటు కూడా దాటనివ్వరు, నీతోపాటు నన్నూ తరిమేస్తారు అన్నాడు. నిజమే. పద్నాలుగేళ్లుగా ఒక్క హోమ్ మ్యాచ్ కూడా వదల్లేదు నేను. నోరు మూసుకున్నాను. యార్డులో ఇవాళ సెలవు కాబట్టి మూసుకుని ఇంట్లోనే కూర్చున్నాను.

జూలై 21

క్లబ్ పేజీలో పెట్టారు. ఆదాంకి చూపు సమస్య ఉందేమోనని అనుమానం, పరీక్షలు చేయిస్తున్నాం, కాంట్రాక్ట్ వాయిదా. గోవా కీపర్‌తో మాటలు నడుస్తున్నాయి.

భుజం బాగైందని నలుగురికీ చూపించుకోవచ్చు. చూపు మీద మాటపడ్డ గోల్‌కీపర్ని ఇక్కడే కాదు, ఏ క్లబ్బూ తీసుకోదు. కొత్తపట్నం పోయి మళ్లీ పడవ ఎక్కాలి.

తుండు ఉతకొద్దని కోటేశ్వరికి చెప్పాను.

జూలై 22

తుండుని పాలిథిన్ కవర్లో పెట్టి, శాంపిల్ కట్టినట్టు మూతి కట్టి, క్లబ్ ఆఫీసుకి వెళ్లాను. సార్, మై టవల్, హిజ్ ఐస్, మిర్చి అన్నాను. కోచ్‌కి అర్థం కాలేదు. కవరు విప్పి ముక్కు దగ్గర పెట్టాను. తుమ్మాడు. మేనేజర్ వచ్చి అంతా విని, నమ్మక, తనూ వాసన చూసి తుమ్మాడు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. పక్క గదిలో కూడా ఎవరో మొదలుపెట్టారు.

కోచ్ బాగా తిట్టాడు. ఇంగ్లీషులో తిట్టాడు కాబట్టి సగమే తగిలింది. ఆటగాళ్లకి ఇకమీదట ఎవరూ ఏమీ ఇవ్వకూడదన్నాడు. తిట్టడం అయ్యాక కళ్ల డాక్టర్ రిపోర్ట్ తీసి ఇంకోసారి చదివాడు. చూపులో ఏ లోపమూ లేదు, మంటకి కారణం తెలియలేదు అని రాసుందట. గురువారం మళ్లీ ఆడించి చూస్తానన్నాడు. తుండు బల్ల మీదే వదిలేసి బయటపడ్డాను.

గేటు దగ్గర ఆదాం ఉన్నాడు. చేతులు పట్టుకుని క్షమించమని అడుగుదామనుకుని, నావి కారం చేతులని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. తుడుచుకున్న నిమిషానికే తెలిసింది బాబాయ్ అన్నాడు అతను. మరి నోరు విప్పి చెప్పొద్దటయ్యా, నీ బతుకు కదా అన్నాను. చెబితే మిమ్మల్ని మళ్లీ రానిస్తారా, మార్చిలో నన్ను స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే స్టాండులో నా పేరు పెట్టి పిలిచింది మీరొక్కరే కదా అన్నాడు.

అక్కడే నిలబడి ఏడ్చాను. వాచ్‌మన్ దానికి కూడా కారమే అనుకుని ఉంటాడు.

జూలై 24

అరవై నిమిషాలు ఆడించారు. ఒక్క గోల్ ఇవ్వలేదు. మేం తాడుకి ఇరవై అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాం.

జూలై 25

సంతకం అయింది! ఏడాది కాంట్రాక్ట్. అమ్మయ్య. గుండెల మీద నుంచి నిండు టిక్కీ దించినట్టుంది. యార్డులో హమాలీలందరికీ టీ చెప్పాను. ఎందుకని అడిగితే ఫుట్‌బాల్ అన్నాను. జాలిగా చూసి తాగారు.

పదహారు రోజుల తర్వాత పండుమిరపకాయ పచ్చడి, వేడన్నం, నెయ్యి. రెండో ముద్దకే నోరు భగ్గుమంది. రెండు చెంబుల నీళ్లు తాగాను. గుంటూరు పరువు తీశారు అని కోటేశ్వరి పడీ పడీ నవ్వింది. చాలా రోజులకి నేనూ నవ్వాను.

డిఫెన్స్ ఇంకా తాలే. అయినా వెనకాల ఆదాం ఉన్నాడు. ఆరో స్థానం అనుకుంటున్నాను. ఆశ పెట్టుకోను.

సరే, నాలుగు.

ఆగస్టు 9, హాఫ్ టైమ్

సున్నా, సున్నా. ఆదాం వెనక నెట్ మూలకి, దిష్టికి మిరపకాయలు కట్టినట్టు, పాలిథిన్ కవరు కట్టి ఉంది. లోపల, కోచ్ బల్ల మీద నేను వదిలేసిన ఎర్ర తుండు. ఉతికావా అని స్టాండులోంచి సైగ చేశాను. లేదని తల ఊపాడు.