ఇంట్లో ఉండేదానికి మడతెందుకు

బుచ్చన్నా,

అక్క కాన్పుకని బెల్లంపల్లి పోతున్నాను, ఎల్లుండి వస్తాను. గటక కుండలో ఉంది, చల్ల ఉట్టి మీద ఉంది. షిఫ్టు దిగి రాగానే తిను. కర్రలు కోయడానికి నువ్వు చేస్తున్న స్టాండును ఎండలో వదిలేశావు. వంకరపోతుందని లోపల పెట్టాను.

దానికి మడత బందులు ఎందుకని అడిగితే "ఇల్లు ఇరుకు గదనే అవ్వా, మూలకు పెట్టనీకి" అన్నావు. మూలకు పెట్టేదాన్ని సైకిల్ క్యారియర్ మీద పెట్టి ఎందుకు కొలిచావు? సారవ్వ చూసిందట. "ఏంది వదినా, నీ కొడుకు బాయిపని ఇడిసిపెట్టి ఊరూరు తిరిగి వడ్రంగి పని చేస్తడా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మీ నాయన బొగ్గుబాయిలో పోతే నీకు వచ్చిన నౌకరీ అది.

నిజమేదో ఈ చీటీ వెనక రాసిపెట్టు. నేనిప్పుడు చదవగలను, నీ సంగతి పక్కింటి నోట వినే ఖర్మ నాకు లేదు.

అమ్మ

స్టాండు కాళ్ళు బార్లా జారిపోతున్నాయి. మీ నాయన మంచం నవారు కోసి మధ్యలో కట్టాను. ఎంత దూరం మోసినా తెగదు.