మళ్లీ ముందు కౌంటర్‌లోకి

అక్కా,

ఈరోజు మళ్లీ హోటల్ ముందు కౌంటర్‌లో నిలబడ్డాను. నల్లకోటు మీద చుండ్రు రాలుతోందని మేనేజరు నన్ను మూడు నెలలు సామాన్ల గదిలో పడేశాడు. బాధపడతావని నీకు చెప్పలేదు.

నువ్వన్నట్టే రోజూ నూనె పట్టించాను, ఇంకా ఎక్కువైంది. కోపం తెచ్చుకోకు. చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. "ఇది ఫంగస్ అమ్మా, నూనె దానికి మేత," అంది. ఆవిడిచ్చిన షాంపూ వారానికి రెండుసార్లు పట్టించి, ఐదు నిమిషాలాగి కడిగాను. ఆరు వారాలకి తల తేటపడింది.

పొద్దున మేనేజరు నా భుజాలకేసి పరీక్షగా చూశాడు. ఏమీ దొరకలేదు. డాక్టరమ్మ ఇచ్చిన షాంపూతో పోయిందని చెప్పాను. అటూ ఇటూ చూసి, తన టోపీ కొంచెం ఎత్తి తల గోక్కుంటూ, "ఆ డాక్టరమ్మ ఎక్కడుంటారండీ?" అని మెల్లగా అడిగాడు.

మూడేళ్లలో నన్ను 'అండీ' అనడం ఇదే మొదటిసారి.

నీ చెల్లెలు