మార్కెట్ జట్టుకూ పసుపు

మానుకోట

అవ్వా, మేం బాగున్నాం. ఫోన్లో నీకు సగమే వినిపిస్తుందని కార్డు రాస్తున్నాను, పక్కింటి శృతితో చదివించుకో.

ఇక్కడి స్టేషన్ కబడ్డీ జట్టుకూ మార్కెట్ జట్టుకూ అస్సలు పడదు. ఈ ఏడు రెండూ వరసగా గెలుస్తున్నాయి. ఫైనల్‌కు ఇద్దరి కొత్త బనీన్లూ నేనే కుట్టాను. నీ అల్లుడు స్టేషన్ జట్టు కదా, కొత్తబట్టలకు నువ్వు పెట్టినట్టే వాళ్ల బనీన్ల అంచుకు పసుపు పెట్టిచ్చాను. మార్కెట్ వాళ్లవి ఉత్తగానే ఇచ్చేశాను. నిన్న వాళ్ల కెప్టెన్ బిక్షపతి అన్న మూటతో తిరిగొచ్చాడు.

"గిదేంది చెల్లే, మేం నీకు పరాయోళ్లమా? మా బనీన్లకు పసుపేది?"

సిగ్గుతో చచ్చిపోయాను. అతని ముందే కూర్చొని అన్నిటికీ పెట్టాను.

"ఇగ మేం ఓడితే నీదే పాపం" అని నీ అల్లుడు అలిగాడు. అలిగినా అన్నం మాత్రం మారు పెట్టించుకున్నాడు.

బర్రె ఈనిందా? నువ్వు దంచిచ్చిన పసుపు అయిపోయింది, ఇంకొంచెం బాపుతో పంపు. ఆయనకు నా దండాలు. ఆదివారం ఫైనల్ ఈ రెండు జట్లకే. ఎవరు గెలిచినా అంచున ఉండేది నీ పసుపే.

నీ బిడ్డ,
భాగ్య