చుట్టాల కోసం గ్యాస్

14 జూలై 2006, శుక్రవారం
పినపాక

దగ్గు తగ్గాలని ఈరోజు ఇంకో గంట ఎక్కువ పొగ మింగాను.

పొద్దున దవాఖానాలో డాక్టరమ్మ, "పొయ్యి పొగకు దూరముండు. ఆకుకూరలు, గుడ్లు, పండ్లు మంచిగ తిను" అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే మా ఆయన సంతకు పోయి మునగాకు, గుడ్లు, జామపండ్లు తెచ్చాడు. పిచ్చిదాన్ని, మురిసిపోయాను. ముందు గదిలో కుంకుమ బొట్లు పెట్టి గుడ్డ కప్పిన గ్యాస్ పొయ్యి ముట్టించబోతే అత్తమ్మ ఆపింది.

"అది చుట్టాలొస్తే చాయ్ కోసం. గ్యాస్ మీద కూర రుచే ఉండదు."

ఆయన వైపు చూశాను.

"అవ్, అమ్మ చెప్పినట్టు చెయ్. తిండి తెచ్చిన కదా, ఇంకేంది?"

కట్టెల పొయ్యి ఉన్న వెనక గదికి కిటికీ లేదు. కట్టెలు వానకు తడిసి ఉన్నాయి. మునగాకు ఉడికేదాకా ఊదుతూనే ఉన్నాను, దగ్గుతూనే ఉన్నాను. రెండు ముద్దలు తిన్నాక ఇక మింగుడుపడలేదు. మిగిలింది ఆయనే తిన్నాడు, రుచిగా ఉందట.

సాయంత్రం ఆయన దోస్తు నన్ను పలకరించడానికి వచ్చాడు. అత్తమ్మే గుడ్డ తీసి గ్యాస్ వెలిగించమంది.

"ఇంట్ల పొగ అన్నదే లేదు. నువ్వు నసీబున్నదానివి వదినా!" అన్నాడతను.

దగ్గు ఆపుకుని చాయ్ గ్లాసు అందించాను.